గ్వాటెమాలాలో ఎలక్షన్ సీజన్: మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగం మీదో వ్యాపారం మీదో గ్వాటెమాలా వస్తున్న మనవాళ్ళు ఇదివరకు ఫోన్ చేస్తే కందిపప్పు దొరుకుతుందా, స్పానిష్ రాకపోతే నెట్టుకురాగలమా అని అడిగేవాళ్ళు. 2023 తర్వాత ప్రశ్న మారింది, "అక్కా 2027లో మళ్ళీ ఎలక్షన్లంట కదా, పిల్లల్ని పెట్టుకుని అక్కడ ఉండచ్చా" అని. ఒక్కొక్కళ్ళకి విడివిడిగా వాయిస్ మెసేజ్‌లు పెట్టీ పెట్టీ అలిసిపోయి అన్నీ ఒకచోట రాస్తున్నా. నేను గ్వాటెమాలా సిటీలో జోనా 11లో ఉంటా (ఊరిని నంబర్లతో విడగొట్టిన పేటల్ని ఇక్కడ జోనా అంటారు). 2019 ఎలక్షన్ అప్పుడు కొత్త, ఏం జరుగుతోందో తెలీలేదు. 2023ది మాత్రం ఆ ఏడాది జనవరి నుంచి మరుసటి జనవరి దాకా ఇక్కడే ఉండి చూశా.

ఎలక్షన్ ఎప్పుడు? ఒక్క రోజులో అయిపోతుందా?

నాలుగేళ్ళకోసారి, జూన్‌లో ఒక ఆదివారం. కానీ ఒక్క రోజులో అవ్వదు. ప్రెసిడెంట్ గెలవాలంటే పడిన ఓట్లలో సగం కంటే ఎక్కువ రావాలి, 1985 నుంచి ఇప్పటిదాకా మొదటి రౌండ్‌లోనే అంత తెచ్చుకున్న మనిషి ఒక్కరూ లేరు. కాబట్టి మొదటి ఇద్దరి మధ్య ఆగస్టులో రెండో రౌండ్ ఉంటుందని ముందే అనుకుని పెట్టుకోండి. 2023లో జూన్ 25న మొదటిది, ఆగస్టు 20న రెండోది జరిగాయి. గెలిచినవాళ్ళు కుర్చీ ఎక్కేది మళ్ళీ జనవరి 14న. అంటే జనవరిలో నోటిఫికేషన్ దగ్గర మొదలుపెడితే పక్కాగా ఏడాది పని.

ఇంకోటి, ఇక్కడ ప్రెసిడెంట్‌కి ఒక్కసారే, నాలుగేళ్ళే. జీవితంలో మళ్ళీ పోటీ చేయడానికి లేదు. అందుకే మన దగ్గరలాగా "ఈయన మళ్ళీ వస్తాడా" అన్న చర్చే ఉండదు, ప్రతిసారీ కొత్త మొహాలు, చాలాసార్లు కొత్త పార్టీలు కూడా.

ఒక్కో మనిషికి అయిదు ఓట్లట, నిజమా?

నిజమే. లోపలికి వెళ్తే అయిదు కాగితాలు చేతిలో పెడతారు. తెల్లది ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్‌కి. ఆకుపచ్చది దేశం మొత్తానికి ఉండే జాబితా ఎంపీలకి, నీలం మన డిపార్ట్‌మెంట్ ఎంపీలకి (డిపార్ట్‌మెంట్ అంటే ఇక్కడ జిల్లా అనుకోండి, మొత్తం 22 ఉన్నాయి), గులాబీది మేయర్‌కి, పసుపుది సెంట్రల్ అమెరికా పార్లమెంట్‌కి. ఆ చివరిది ఎందుకుందో మా ఇంటి ఓనరమ్మే సరిగ్గా చెప్పలేకపోయింది, మీరు కంగారు పడకండి.

అసలు కొట్లాటంతా గులాబీ కాగితం మీద. ఊళ్ళో నీళ్ళ పైపు, మార్కెట్ షెడ్డు, రోడ్డు కాంట్రాక్టు అన్నీ మేయర్ చేతిలోనే ఉంటాయి కాబట్టి గొడవలు అయ్యేది కూడా అక్కడే. దేశంలో 340 మునిసిపాలిటీలు ఉన్నాయి, ప్రెసిడెంట్ ఎవరైనా పర్లేదు గానీ మా మేయర్ మాత్రం మావాడే అవ్వాలి అనుకునే ఊళ్ళే ఎక్కువ. 2023లో రాజధాని దగ్గరే ఉన్న సాన్ హోసె దెల్ గోల్ఫో అనే చిన్న ఊళ్ళో బయటినుంచి బస్సుల్లో ఓటర్లని దింపుతున్నారని గొడవై ఆ రోజు పోలింగే ఆపేశారు, ఆగస్టులో మళ్ళీ పెట్టారు. ఇలా ఓటర్లని తోలుకురావడాన్ని ఇక్కడ అకర్రేయో అంటారు, ఈ మాట మీకు సీజన్ అంతా వినిపిస్తూనే ఉంటుంది.

ప్రచారం టైంలో ఎలా ఉంటుంది? నిద్ర పడుతుందా?

జోనా 10, 14, 15లో అపార్ట్‌మెంట్ తీసుకుంటే పడుతుంది. మామూలు బస్తీలో ఉంటే మైకులు తప్పవు. పికప్ ట్రక్కు వెనక మనిషంత స్పీకర్లు, పార్టీ పాట, ఒకే పాట, పొద్దున్నుంచి సాయంత్రందాకా. హైవే మీద వెళ్తే కొండ అంచున ఉన్న బండరాళ్ళకి, కరెంటు స్తంభాలకి, చెట్ల మొదళ్ళకి పార్టీ రంగులు. రాళ్ళకి రంగులేయడం రూల్ ప్రకారం తప్పు, అయినా వేస్తారు, వాన పడి ఆ రంగు పాచితో కలిసిపోయి తర్వాతి ఎలక్షన్ దాకా కనిపిస్తూనే ఉంటుంది, రాయి చూసి ఏ పార్టీ ఎప్పుడు చచ్చిపోయిందో చెప్పేయచ్చు.

పల్లెల్లో పంచిపెట్టేవి మనకి తెలిసిన కథే. టీషర్టు, టోపీ, బియ్యం చిక్కుడు గింజలు నూనె ఉన్న సంచి, పైకప్పుకి రేకులు. రేకు అంటే తేలిగ్గా తీసుకోకండి, మే నుంచి అక్టోబర్ దాకా దంచికొట్టే వానలో కారే ఇంట్లో ఉండే మనిషికి నాలుగు రేకులంటే ఆ ఏడాది పిల్లలు పొడిగా పడుకోవడం. అది తీసుకుని వేరేవాళ్ళకి ఓటేసేవాళ్ళు కూడా చాలామంది ఉన్నారని 2023లో తేలింది, అందుకే వాళ్ళని ఎవరన్నా తేలిగ్గా మాట్లాడితే నాకు కోపం వస్తుంది.

ఇన్ని పార్టీలేంటి? ఎవరు ఎవరో ఎలా గుర్తుపెట్టుకోవాలి?

అన్నీ పెట్టుకోనక్కర్లేదు. 2023లో ప్రెసిడెంట్ కాగితం మీదే 20కి పైగా జోడీలున్నాయి (ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్ క్యాండిడేట్లు కలిపి ఒక జోడీ). మూడు పేర్లు తెలిస్తే కథ అర్థమవుతుంది. సాంద్రా తోర్రెస్, ఊనె పార్టీ, మాజీ ప్రెసిడెంట్ ఆల్వారో కోలోమ్ మాజీ భార్య. ప్రెసిడెంట్ దగ్గరి బంధువులు పోటీ చేయకూడదని రాజ్యాంగంలో ఉంది కాబట్టి 2011లో ఆవిడ విడాకులే తీసుకుంది, అయినా కోర్టు ఒప్పుకోలేదు. తర్వాత 2015, 2019, 2023 మూడుసార్లూ రెండో రౌండ్ దాకా వచ్చి మూడుసార్లూ ఓడిపోయింది.

రెండో పేరు సూరి రియోస్, పాత మిలిటరీ పాలకుడు ఎఫ్రాయిన్ రియోస్ మోంత్ కూతురు. మూడో పేరు బెర్నార్దో అరేవలో. 1944 విప్లవం తర్వాత ప్రెసిడెంట్ అయిన హువాన్ హోసె అరేవలో కొడుకు, తండ్రి ప్రవాసంలో ఉన్నప్పుడు 1958లో మోంతెవిదేయోలో పుట్టాడు. ఈయన పార్టీ సెమీయా, అంటే విత్తనం. 2015లో అవినీతికి వ్యతిరేకంగా జనం ప్రతి శనివారం సెంట్రల్ పార్కులో చేరి ఓట్టో పేరెస్ మొలీనాని గద్దె దింపారు కదా, ఆ గుంపుల్లోంచి వచ్చిన పార్టీ ఇది. కుర్రాళ్ళు ఈయన్ని తీయో బెర్నీ అంటారు, తీయో అంటే బాబాయ్, మావయ్య, ఏదైనా పెట్టుకోండి. ఎన్నికల ముందు సర్వేల్లో ఈ బాబాయ్ 3 శాతం కూడా దాటలేదు, ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకోకపోవడం వల్లే కాగితం మీద మిగిలాడని ఇక్కడ అందరూ అంటారు, అదే కింది ప్రశ్న.

క్యాండిడేట్లని మధ్యలో తీసేస్తారట?

అవును, ఇది చూసి ఆశ్చర్యపోకండి. 2023లో ఆదివాసీ నాయకురాలు తెల్మా కాబ్రేరా జోడీని నమోదే చేసుకోలేదు, రొబెర్తో అర్సూని తీసేశారు, టిక్‌టాక్‌లో దూసుకుపోయి సర్వేల్లో ముందుకొచ్చిన కార్లోస్ పినేదాని పోలింగ్ నెల రోజులుందనగా మే చివర్లో రాజ్యాంగ కోర్టు ఖాయంగా పక్కన పెట్టేసింది. కారణాలన్నీ కాగితాల మీద చిన్నచిన్నవి, పార్టీ మీటింగ్ సరిగ్గా జరగలేదు, ఫలానా సర్టిఫికెట్ లేదు, ఇలా. మా వీధి చివర టోర్టియాలు చేసే ఆవిడ పినేదా ఫ్యాన్, ఆ రోజు పెనం మీద టోర్టియా మాడిపోతున్నా ఫోన్ చూస్తూనే ఉంది, "మరి నేనెవరికి వెయ్యాలి" అని నన్నే అడిగింది.

నల్ ఓటు అని వింటుంటాం, అదేంటి?

వోతో నులో. కాగితం మీద కావాలని అడ్డంగా గీసేయడం, తిట్టు రాయడం, అన్నిటి మీదా గుర్తు పెట్టడం. మన నోటా లాంటిదే గానీ దీనికి పళ్ళున్నాయి, సగం కంటే ఎక్కువ నల్ ఓట్లు వస్తే ఎలక్షన్ మళ్ళీ పెట్టాలని 2016 నుంచి చట్టంలో ఉంది. 2023 జూన్ 25 రాత్రి మొదటి స్థానంలో ఎవరున్నారో తెలుసా? నల్ ఓటే, 17 శాతం పైన. సాంద్రా తోర్రెస్‌కి దాదాపు 16, అరేవలోకి దాదాపు 12. మనుషుల్లో మొదటి ఇద్దరూ వాళ్ళే కాబట్టి రెండో రౌండ్‌కి వాళ్ళు వెళ్ళారు.

లెయ్ సెకా అంటే ఏంటి?

డ్రై డే. శనివారం మధ్యాహ్నం 12 నుంచి సోమవారం పొద్దున 6 దాకా మందు అమ్మకూడదు, బయట తాగకూడదు, సూపర్‌మార్కెట్‌లో ఆ అరలకి టేపు కట్టేస్తారు. రెండు రౌండ్లకీ వర్తిస్తుంది. ఫంక్షన్లు పెట్టుకునేవాళ్ళు ఆ వారం వదిలేయండి.

పోలింగ్ రోజు బయటికి వెళ్ళచ్చా?

వెళ్ళచ్చు, నేను వెళ్ళా. ఓటింగ్ పొద్దున 7 నుంచి సాయంత్రం 6 దాకా, ఎక్కువగా స్కూళ్ళలో. గేటు బయట జాతర లాగా ఉంటుంది, ఉడకబెట్టిన మొక్కజొన్న కంకులు, అతోల్, తొస్తాదాలు, ఐస్‌క్రీం గంటలు. ముసలమ్మలు మంచి విపీల్ కట్టుకుని, అంటే చేత్తో నేసిన జాకెట్టు, మనవడి భుజం పట్టుకుని వస్తారు. ఓటేసినవాళ్ళ వేలు సిరాలో ముంచుతారు. మన దగ్గర గోటి మీద గీత గీస్తారు కదా, ఇక్కడ వేలు ముంచడమే, వారం రోజులు ఊదాగా ఉంటుంది.

ఓటు సొంత ఊళ్ళో నమోదై ఉన్నవాళ్ళు శనివారమే బయల్దేరతారు. బస్ స్టాండ్లు సంక్రాంతి ముందు మన ఎంజీబీఎస్ లాగా ఉంటాయి, ఆ రోజు ఊరు దాటే పని పెట్టుకోకండి. ఎన్నికలు జరిగే ఊళ్ళో గొడవ వచ్చేది ఓటింగ్ మధ్యలో కాదు, సాయంత్రం ఆరు దాటాక మేయర్ లెక్క తేలేటప్పుడు. చీకటి పడేసరికి ఇంట్లో ఉండండి, అంతే.

లెక్కింపు ఎవరు చేస్తారు? నమ్మచ్చా?

దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే తర్వాత జరిగిందంతా దీని చుట్టూ తిరిగింది.

ఈవీఎంలు లేవు. పోలింగ్ టేబుల్‌కి ముగ్గురు ఊరివాళ్ళు ఉంటారు, ప్రెసిడెంట్, సెక్రటరీ, వోకాల్. వీళ్ళు ప్రభుత్వ ఉద్యోగులై ఉండాలనేం లేదు, టీచర్, స్టూడెంట్, మందుల షాపు అమ్మాయి, ఎవరైనా. దేశం మొత్తం మీద ఇలాంటి టేబుళ్ళు 24,000కి పైగా. పార్టీల తరఫున కూర్చునే ఏజెంట్లని ఫిస్కాల్ అంటారు. ఆరింటికి గేటు మూసి అక్కడే, అదే టేబుల్ మీద, ఒక్కో కాగితం తీసి అందరికీ చూపించి లెక్కపెడతారు.

మా ఓనరమ్మ రిటైర్డ్ టీచర్, 60 దాటాయి, ఆ రోజు ఒక టేబుల్‌కి ప్రెసిడెంట్‌గా కూర్చుంది. నన్ను మిహా అని పిలుస్తుంది, మన "అమ్మాయీ" లాంటి పిలుపు. పొద్దున అయిదింటికి వెళ్ళిన మనిషి రాత్రి పన్నెండు దాటాక వచ్చింది, నేను అన్నం చారు వేడి చేసి పెట్టా, తినేటప్పుడు చూస్తే వేలికి సిరా, అరచేతుల నిండా నల్ల మరకలు, వందల కాగితాలు విప్పీ విప్పీ. క్లాస్‌రూమ్ పైకప్పు రేకులదట, తెల్ల కాగితాలు లెక్కపెట్టేటప్పుడు వాన మొదలైందట, చప్పుడుకి గొంతు వినపడక ప్రతి కాగితం తలపైకి ఎత్తి గుండ్రంగా తిప్పి చూపించాల్సి వచ్చిందట. ఒక పార్టీ ఫిస్కాల్ కుర్రాడు ఆకలికి నీరసపడితే ఇంకో పార్టీ అమ్మాయి తన తమాల్ సగం ఇచ్చిందట. అన్నీ అయ్యాక ఫారం మీద అంకెలు రాసి, అందరూ సంతకాలు పెట్టి, ఆ ఫారాన్ని స్కాన్ చేసి ఎలక్షన్ ట్రిబ్యునల్‌కి, అంటే మన ఎలక్షన్ కమిషన్ లాంటిదానికి, పంపారు. ఆ ఫారం ఫోటోలు ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు, మర్నాడు ఆవిడ తన టేబుల్ ఫారం వెతికి తన సంతకం నాకు చూపించింది. "ఇది నా అక్షరం మిహా, ఈ 7 చూడు, నేను ఇలాగే రాస్తా" అంది.

కాబట్టి నమ్మచ్చా అంటే, నేను నమ్ముతా.

మనం ఓటు వెయ్యచ్చా? మీటింగులకి వెళ్ళచ్చా?

ఓటు లేదు, పౌరసత్వం ఉన్న 18 దాటినవాళ్ళకే. సర్వీసులో ఉన్న సైనికులకి కూడా ఓటు లేదు, అది ఇక్కడి రాజ్యాంగంలోనే ఉంది, ఇక్కడి మిలిటరీ పాలనల గతం గుర్తొస్తే ఎందుకో తెలుస్తుంది. మీటింగులు, ర్యాలీలు, పార్టీ టీషర్టులు, పార్టీలకి డబ్బులు, వీటన్నిటికీ దూరంగా ఉండండి. రెసిడెన్సీ కాగితాల మీద బతుకుతున్నాం, అది వాళ్ళ ఇల్లు.

2023 ఎలక్షన్ తర్వాత ఏమైంది? టీవీలో చూశాం గానీ అర్థం కాలేదు.

మొదటి రౌండ్‌లో అరేవలో రెండో స్థానంలోకి రావడం ఎవరూ ఊహించలేదు. జులై 1న రాజ్యాంగ కోర్టు ఫలితాలు ఆపి ఫారాలు మళ్ళీ చూడమంది. చూశారు, ఏం మారలేదు. జులై 12న ట్రిబ్యునల్ ఫలితాలు ఖాయం చేసిన రోజునే, ప్రాసిక్యూటర్ల కోరిక మీద ఒక జడ్జి సెమీయా పార్టీ గుర్తింపు సస్పెండ్ చేశాడు, పార్టీ పెట్టేటప్పుడు తీసుకున్న సంతకాల్లో తప్పులున్నాయని. అప్పట్లో ఈ ప్రాసిక్యూటర్ల పైన ఉన్నది అటార్నీ జనరల్ కొన్సువేలో పోర్రాస్. దాంతో ఏమైందంటే అప్పటిదాకా అరేవలో ఎవరో తెలీనివాళ్ళకి కూడా తెలిసింది. ఆగస్టు 20న 58 శాతం ఓట్లతో గెలిచాడు. ఆ సాయంత్రం మా వీధిలో హారన్లు, పాత్రలు కొట్టడం, మా ఓనరమ్మ గుమ్మంలో నిలబడి ఏడ్చింది, చిన్నప్పుడు వాళ్ళ నాన్న హువాన్ హోసె అరేవలో గురించి చెప్పేవాడట.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. సెప్టెంబర్ 12న ప్రాసిక్యూటర్లు వెళ్ళి ఓట్ల పెట్టెలు తెరిచారు. సెప్టెంబర్ 29న ట్రిబ్యునల్ ఆఫీసు మీదకి వెళ్ళి ఒరిజినల్ ఫారాలు తీసుకుపోయారు. ట్రిబ్యునల్ మెజిస్ట్రేట్లు పెట్టెలు పట్టుకుని పెనుగులాడటం దేశమంతా ఫోన్లలో చూసింది. మా ఓనరమ్మ ఏ పెట్టెలో తన ఫారం ఉందో అని చూస్తోంది. సంతకాలు పెట్టిన ఊరివాళ్ళందరికీ ఆ రాత్రి అలాగే అనిపించి ఉంటుంది, మా చేతి రాత పట్టుకుపోతున్నారు అని. అక్టోబర్ 2 నుంచి రోడ్లు మూతపడ్డాయి.

రోడ్లు మూసింది ఎవరు? పార్టీవాళ్ళా?

కాదు, ఇదే చాలామంది తప్పుగా అర్థం చేసుకునేది. పిలుపిచ్చింది పడమటి కొండల్లో ఉన్న తోతోనికపాన్‌లోని 48 కాంతోనెస్. కీచే మాయా జనం ఊళ్ళ పెద్దల మండలి, అడవి, నీళ్ళు, దారులు చూసుకునే పాత వ్యవస్థ. పెద్దల్ని ఏడాదికోసారి ఊరివాళ్ళే ఎన్నుకుంటారు, జీతం ఉండదు, చేతికర్ర ఉంటుంది, ఆ కర్రే అధికారం. ఎవరి వంతు వస్తే వాళ్ళు సొంత షాపో మగ్గమో పక్కన పెట్టి ఊరికి పని చెయ్యాలి. వాళ్ళతో పాటు సోలోలా పెద్దలు, తూర్పున షింకా జనం, ఇంకా చాలామంది కలిశారు. అడిగింది ఒకటే, ఓటుని తాకకండి, అటార్నీ జనరల్ దిగిపోవాలి. వీళ్ళలో చాలామంది అరేవలోకి ఓటేసినవాళ్ళు కూడా కాదు. ఓటుకి కాపలా కాశారు, మనిషికి కాదు.

రాజధానిలో జోనా 1లో హెరోనా అనే పేటలో అటార్నీ జనరల్ ఆఫీసు ముందు టార్పాలిన్లు కట్టుకుని కూర్చున్నారు, 106 రోజులు. వానలో, తర్వాత డిసెంబర్ చలిలో. నేను ఒకరోజు దూరం నుంచే చూశా, మా ఓనరమ్మ రెండు బుట్టల రొట్టెలు ఇచ్చి వస్తానంటే టాక్సీలో దింపడానికి వెళ్ళా. ఫుట్‌పాత్ మీద పెద్ద డేక్సాలో నల్ల చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి, పక్కన వెండి పిడి ఉన్న కర్రలు గోడకి వరసగా ఆనించి ఉన్నాయి, ఒక పెద్దాయన తన కర్ర పక్కనే చీపురు పట్టుకుని వీధి ఊడుస్తున్నాడు.

ఆ బ్లాకేడ్లలో మీరు ఎలా ఉన్నారు? తిండికి ఇబ్బంది అయిందా?

అయింది, దాచను. ఒక దశలో దేశంలో 100 పైగా చోట్ల రోడ్లు మూసి ఉన్నాయి. మొదటి వారం బానే ఉంది. రెండో వారానికి పెట్రోల్ బంకుల ముందు క్యూలు, వంటగ్యాస్ 25 పౌండ్ల సిలిండర్ దొరకడం కష్టం, కూరగాయలు పడమటి కొండల నుంచి రావాలి కాబట్టి టమాటా ధర మూడింతలు, గుడ్లు లేవు, స్కూళ్ళు ఆన్‌లైన్. మా ఆయన ఆఫీసుకి గంటన్నర నడిచాడు. హైదరాబాద్ నుంచి ఫార్మా పని మీద వచ్చిన ఒక తమ్ముడు ఎయిర్‌పోర్ట్‌కి సూట్‌కేసు ఈడ్చుకుంటూ నడిచి వెళ్ళాడు, దారిలో బ్లాకేడ్ దగ్గరున్న కుర్రాళ్ళే సూట్‌కేసు పట్టుకుని అటువైపు దాకా దింపారట. రోజుకూలీల మీద పడింది అసలు దెబ్బ, మా టోర్టియా ఆవిడకి పిండి లేక నాలుగు రోజులు పొయ్యి వెలగలేదు. ఆవిడకి కోపం ఉంది, ఆ కోపం కూడా న్యాయమైనదే.

బ్లాకేడ్ల దగ్గర ఎక్కువ చోట్ల వాతావరణం మీరు అనుకునేలా ఉండేది కాదు, రోడ్డు మీద ఫుట్‌బాల్, మరింబా, జుంబా, పిల్లలకి ముగ్గుల పోటీ. అంబులెన్స్ వస్తే తాడు దించేవాళ్ళు. కానీ అన్ని చోట్లా కాదు, అక్టోబర్ 16న మెక్సికో బోర్డర్ వైపు మలాకతాన్‌లో ఆయుధాలతో వచ్చినవాళ్ళు కాల్పులు జరిపితే నిరసనలో ఉన్న ఒకాయన చనిపోయాడు. అదే రోజు హోం మంత్రి రాజీనామా చేశాడు. మీరు దాటాల్సి వస్తే: పగలే వెళ్ళండి, కారు దిగి నడిచి వెళ్ళి "బ్వేనస్ దియాస్" అని పలకరించి అడగండి, మోటార్‌సైకిల్ మీద దూసుకుపోవద్దు, వీడియో తీయొద్దు. ఎన్నిగంటలకి తెరుస్తారో వాళ్ళే చెప్తారు, చాలాచోట్ల రోజులో కాసేపు వదిలేవాళ్ళు.

ప్రమాణస్వీకారం కూడా ఆగిపోయిందట?

ఆగలేదు, ఆపాలని చూశారు. నవంబర్ 30న పార్లమెంట్ ట్రిబ్యునల్ మెజిస్ట్రేట్లలో నలుగురికి కేసులు పెట్టకుండా ఉండే చట్టపరమైన రక్షణ తీసేసింది. డిసెంబర్ 8న ప్రాసిక్యూటర్లు ఎలక్షనే రద్దు చెయ్యాలన్నారు, ట్రిబ్యునల్ ఫలితం మారదని తేల్చి చెప్పింది. 2024 జనవరి 14 మధ్యాహ్నం జరగాల్సిన ప్రమాణం పార్లమెంట్‌లో పాత ఎంపీలు కొత్తవాళ్ళ కాగితాలు చూస్తున్నాం అంటూ గంటలు గంటలు సాగదీశారు, విదేశీ అతిథులు ఎదురుచూస్తూ కూర్చున్నారు, బయట జనం పోలీసుల వరుసల్ని నెట్టుకొస్తున్నారు. మేం టీవీ ముందే తిన్నాం, టీవీ ముందే కునికాం. చివరికి నేషనల్ థియేటర్‌లో అర్ధరాత్రి దాటాక అరేవలో, వైస్ ప్రెసిడెంట్ కరీన్ ఎర్రేరా ప్రమాణం చేశారు. అక్కడి నుంచి ఆ చీకట్లోనే ఆయన హెరోనాలో టార్పాలిన్ల దగ్గరికి వెళ్ళి పెద్దలకి దండం పెట్టి మాట్లాడాడు.

అంతా బాగైపోయినట్టేనా మరి?

లేదు. పార్లమెంట్‌లో 160 మందిలో సెమీయావాళ్ళు 23 మందే గెలిచారు, పార్టీ గుర్తింపు గొడవ కొనసాగింది. 2023లో 48 కాంతోనెస్‌కి ప్రెసిడెంట్‌గా ఉన్న లూయీస్ పచేకోని 2025 ఏప్రిల్‌లో అరెస్ట్ చేశారు, ఆ బ్లాకేడ్ల కేసులోనే. అప్పటికి ఆయన ఎనర్జీ శాఖలో డిప్యూటీ మంత్రి. ఆ వార్త వచ్చిన రోజు మా ఓనరమ్మ అన్నం ముట్టలేదు.

ఆఫీసులో, పక్కింటివాళ్ళతో రాజకీయం మాట్లాడచ్చా?

వినండి. మీరుగా మొదలుపెట్టకండి. ఈ దేశంలో 36 ఏళ్ళ అంతర్యుద్ధం 1996లో ముగిసింది, యాభై దాటిన ప్రతి మనిషికీ ఇంట్లో ఎవరో ఒకరు పోయి ఉంటారు, ఏ వైపు అన్నది మీకు తెలీదు. కమ్యూనిస్టు, మిలిటరీ, ఆదివాసీ అనే మాటలు మనం వాడినంత తేలిగ్గా ఇక్కడ వాడరు. "మీ ఊళ్ళో ఎలా ఉంది, వాళ్ళు ఏమంటున్నారు" అని అడిగి ఊరుకోండి, వాళ్ళే చెప్తారు, రెండు గంటలు చెప్తారు.

వాట్సాప్‌లో వచ్చేవి నమ్మచ్చా? దేని మీద ఆధారపడాలి?

ఏ రోడ్డు మూసుందో చూడటానికి ట్రాఫిక్ పోలీసులు, రోడ్ల శాఖ పెట్టే మ్యాప్‌లు చూడండి. ఫలితాలకి ట్రిబ్యునల్ సైట్. మన గ్రూపుల్లో 2023 అక్టోబర్‌లో "కర్ఫ్యూ పెడుతున్నారు, ఎయిర్‌పోర్ట్ మూసేశారు" అని రోజుకి రెండుసార్లు వచ్చేది, నలుగురు భయపడి టికెట్లు డబుల్ రేటుకి కొనుక్కుని వెళ్ళిపోయారు. గ్వాటెమాలా సిటీలో మన ఇండియన్ ఎంబసీ ఉంది, రాగానే అక్కడ పేరు నమోదు చేసుకోండి, నిజంగా పరిస్థితి చెడితే ముందు వాళ్ళే చెప్తారు.

2027కి ఇప్పటినుంచి ఏం రెడీ చేసుకోవాలి?

జూన్, ఆగస్టు పోలింగ్ వారాల్లో ఇండియా ప్రయాణం పెట్టుకోకండి, పెట్టుకుంటే ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక రాత్రి హోటల్ లెక్కలో వేసుకోండి. రెండో గ్యాస్ సిలిండర్ కొని పెట్టుకోండి. బియ్యం, పప్పు, ఉప్పు, రోజూ వేసుకునే మందులు మూడు వారాలకి సరిపడా ఉంచుకోండి, మందులు మరీ ముఖ్యం. కొంచెం క్యాష్ చిన్న నోట్లలో. నడిచి వెళ్ళగలిగే దూరంలో మార్కెట్, క్లినిక్ ఎక్కడున్నాయో ముందే చూసుకోండి. పిల్లల స్కూల్లో ఆన్‌లైన్ క్లాసుల ఏర్పాటు ఉందో లేదో అడిగి తెలుసుకోండి.

స్పానిష్ కొంచెం నేర్చుకోండి, ఇది అన్నిటికంటే ముందు. ఇంటి పక్కనున్న పెద్దావిడని పేరు పెట్టి పలకరించేంత వచ్చినా చాలు. అక్టోబర్ మూడో వారంలో మా ఇంట్లో గ్యాస్ అయిపోతే మా ఓనరమ్మ పెరట్లో కట్టెల పొయ్యి వెలిగించి, ముందు మా కుక్కర్ పెట్టించి, తర్వాతే తన గింజల కుండ ఎక్కించింది.

మీ ఓనరమ్మ 2027లో మళ్ళీ టేబుల్ దగ్గర కూర్చుంటుందా?

ఇది మా చెల్లెలు అడిగిన ప్రశ్న, నేనూ ఆవిడని అడిగా. మోకాళ్ళు నొప్పులు, పన్నెండు గంటలు కూర్చోలేనంది. మర్నాడు పొద్దున వచ్చి, కుషన్ ఉన్న కుర్చీ ఇంటి నుంచి తెచ్చుకోనిస్తారేమో కనుక్కుంటా మిహా అంది.